శిబిరం ముగిసిన మర్నాడు

మన కృష్ణా జిల్లా ఇళ్లలో పసిబిడ్డ బోర్లాపడితే బొబ్బట్లు చేసి వీధిలో పంచుతారు. గడప దాటితే గారెలు వండుతారు. తొలి అడుగులు వేసిన రోజున అరిసెలు పరిచి వాటి మీద నడిపిస్తారు, ఇరుగుపొరుగు పిల్లలందరికీ పెడతారు. ఈ వేడుకల వెనకున్న తెలివిని మనం సరిగ్గా గుర్తించలేదని నాకు అనిపిస్తుంది. ఏ ఇంటి బిడ్డ ఏ నెలలో బోర్లాపడ్డాడో, ఎప్పుడు గడప దాటాడో, ఎప్పుడు నడిచాడో వీధి మొత్తానికి లెక్క ఉండేది. ఈ రోజు పిల్లల డాక్టర్లు చార్టు మీద నెలలు వేసి చూసే ఎదుగుదలను మన అమ్మమ్మలు వంటింటి లెక్కలో చూశారు.

అయితే ప్రతి ఊళ్లోనూ అరిసెలు చేయని ఇల్లు ఒకటి ఉంటుంది. బిడ్డకు ఏడాదిన్నర నిండినా అడుగు పడలేదు. మొదట్లో చుట్టుపక్కలవాళ్లు అడుగుతారు. వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడులే అని నాయనమ్మ సర్దిచెబుతుంది. కొన్నాళ్లకు అడిగేవాళ్లు అడగడం మానేస్తారు, బిడ్డను వీధిలోకి తీసుకురావడం తల్లి మానేస్తుంది. పెళ్లికి వెళ్లాల్సి వస్తే ఇంట్లో ఒకరు ఆ బిడ్డ దగ్గర ఉండిపోతారు. ఇవాళ నేను మాట్లాడదలచింది ఆ ఇంటి గురించి, ఆ ఇంటికి ఊరు చేయగలిగిన సాయం గురించి.

ముందు నాలుగు గుర్తులు చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి. నాలుగు నెలలకు మెడ నిలబడాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. పద్దెనిమిది నెలలకు నడవాలి. చప్పుడుకు ఉలిక్కిపడటం మొదటి నెలల్లోనే, పిలిస్తే తిరిగి చూడటం తొమ్మిది నెలలకల్లా కనిపించాలి. వీటిలో ఏది దాటిపోయినా చూద్దాంలే అని ఊరుకోకండి. అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. ముప్పై నాలుగు వారాలు నిండకుండా పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టినా, నెల తిరిగేలోపు కంటి వెనక పొరను డాక్టరు పరీక్షించాలి. ఆ పరీక్ష తప్పితే కొందరు పిల్లలకు చూపు శాశ్వతంగా పోతుంది. ఉయ్యూరు నుంచి విజయవాడ వెళ్లే దారిలోనే, తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ ఉంది. అంత దగ్గరలో వైద్యం ఉండి కూడా ఒక బిడ్డ చూపు పోతే, కబురు అందకపోవడమే కారణం అవుతుంది.

ఇక శిబిరాల సంగతి. మన డెల్టాలో సేవకు కొదవ లేదు. ఉయ్యూరులాంటి ఊరినే తీసుకోండి. ఒకవైపు కేసీపీ చక్కెర కర్మాగారం, ఒకవైపు సిద్ధార్థ కళాశాల, చుట్టూ ముదునూరు, కాటూరు, ఆకునూరు, గండిగుంట, కడవకొల్లు, కలవపాముల, రెండు ఓగిరాలలు. వైద్యానికీ చదువుకీ బజారుకీ ఈ పల్లెలన్నీ ఉయ్యూరు వస్తాయి. రోటరీ, లయన్స్ క్లబ్బులు, చర్చిలు, గుడి కమిటీలు, అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు, అభిమాన సంఘాలు ఏటా ఏదో ఒక వైద్య శిబిరం పెడుతూనే ఉంటారు. హైస్కూలు ఆవరణలో షామియానా వేస్తారు, విజయవాడ నుంచి డాక్టర్లు వస్తారు, మధ్యాహ్నం భోజనాలు పెడతారు. ఎండలో, క్యూలో, అరుపుల మధ్య ఓపికగా నిలబడి పనిచేసే ఆ కార్యకర్తలంటే నాకు ఎంతో గౌరవం. ఇంట్లోనే ఉండిపోయిన బిడ్డ బయటికొచ్చి మొదటిసారి ఒక నిపుణుడి కంట పడేది చాలాసార్లు అక్కడే.

ఆ బిడ్డకు మర్నాడు ఏమవుతుంది? నా ఆలోచనంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. శిబిరంలో బిడ్డను చూసి, కొలతలు తీసుకుని, చీటీ రాసిచ్చి పంపుతారు. కొన్నాళ్లకు కాళ్లకు ఆసరాగా బిగించే కాలిపర్స్ వస్తాయి, లేదా చక్రాల కుర్చీ వస్తుంది. ఫొటో దిగుతారు. పునరావాసం అన్నది మొదలయ్యేది ఆ ఫొటో దిగిన తరవాతే. అది వారాల పని, నెలల పని, కొందరు పిల్లల విషయంలో పదేళ్ల పని. ఆ పదేళ్లూ తల్లి ఒక్కతే మిగిలిపోతోంది.

ఈ విషయంలో మన ఊళ్లకు మంచి అనుభవం ఒకటి ఉంది. అది పల్స్ పోలియో. 1995లో దేశమంతటా మొదలైంది. ఆదివారం బస్టాండులో, బడిలో, పంచాయతీ ఆఫీసు దగ్గర బూత్ పెట్టి చుక్కలు వేసేవారు. అక్కడితో ఆగి ఉంటే పోలియో పోయేది కాదు. సోమవారం నుంచి ఇద్దరేసి కార్యకర్తలు ఇంటింటికీ తిరిగేవారు. పిల్లల ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు ఉందో లేదో చూసేవారు. అందరికీ చుక్కలు పడిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో పీ అని రాసేవారు. తాళం వేసి ఉన్నా, ఒక్క బిడ్డ మిగిలినా ఎక్స్ అని రాసేవారు. ఆ ఎక్స్ రాసిన ఇళ్లకు మళ్లీ వెళ్లేవారు. ఒప్పుకోకపోతే ఊరి పెద్దను వెంటబెట్టుకుని ఇంకోసారి వెళ్లేవారు. 2009లో ప్రపంచంలో నమోదైన పోలియో కేసుల్లో సగానికి దగ్గరగా, 741 కేసులు, మన దేశంలోనివే. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో ఒక చిన్నారికి వచ్చినదే మన దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించింది. బూత్ రోజున చేసిన సందడికి ఈ విజయంలో పాత్ర ఉంది. కానీ రోగాన్ని గెలిచింది ఎక్స్ రాసిన ఇంటికి మళ్లీ మళ్లీ నడిచిన కాళ్లు.

పునరావాస శిబిరాలకు అలాంటి ఎక్స్ జాబితా ఎక్కడుంది? పిలిచినా ఎవరు రాలేదో, ఎవరు ఒకసారి వచ్చి మానేశారో, ఎవరికి ఇచ్చిన కాలిపర్ అటక మీద పడి ఉందో రాసుకునే పుస్తకం ఎంతమంది నిర్వాహకుల దగ్గర ఉంది?

పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగి ఉండే పిల్లల సంగతి చూద్దాం. క్లబ్ ఫుట్ అంటారు. సుమారు వెయ్యి మందిలో ఒకరికి వస్తుంది. ఒకప్పుడు దీనికి పెద్ద పెద్ద ఆపరేషన్లు చేసేవారు. అమెరికాలోని అయోవాలో పనిచేసిన ఇగ్నేషియో పొన్సెటి అనే వైద్యుడు అంత కోత అక్కర్లేని పద్ధతి కనిపెట్టాడు. బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే పాదాన్ని చేత్తో మెల్లగా సరిచేసి పిండికట్టు వేస్తారు. వారానికొకసారి ఆ కట్టు విప్పి, ఇంకొంచెం సరిచేసి, మళ్లీ వేస్తారు. అయిదు నుంచి ఏడు కట్లకు పాదం దారికొస్తుంది. చాలామందికి మడమ వెనక నరంలాంటి కండరబంధానికి చిన్న గాటు పెట్టాల్సి వస్తుంది, అంతే. ఇంత తక్కువ ఖర్చుతో ఒక బిడ్డను జీవితమంతా నిటారుగా నడిపించే వైద్యం ఇంకొకటి ఉంటుందా అనిపిస్తుంది.

కష్టమంతా ఆ తరవాత మొదలవుతుంది. పాదం సరైపోయాక రెండు బూట్లను ఒక కమ్మీకి బిగించిన పరికరం ఇస్తారు. మొదటి మూడు నెలలు రోజుకు ఇరవై మూడు గంటలు తొడగాలి. ఆ తరవాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిపూట నిద్రలో తొడగాలి. బిడ్డ ఏడుస్తుంది. అత్తగారు తీసేయమంటుంది. బాగానే నడుస్తున్నాడుగా ఇంకా ఎందుకీ ఇనుము అని తండ్రి విసుక్కుంటాడు. బూటు చిన్నదైపోతుంది, కొత్తది ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఓ రాత్రి మానేస్తారు, తరవాత వారం మానేస్తారు. పాదం మళ్లీ తిరుగుతుంది. తిరగబెట్టిన కేసుల్లో ఎక్కువ భాగానికి కారణం ఈ బూట్లు మానేయడమే.

ఇక్కడ లోపించింది వైద్యమూ కాదు, డబ్బూ కాదు. ఆ మూడో ఏట రాత్రి తొమ్మిది గంటలకు, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టమ్మా, మా వాడికీ ఇలాగే చేశాం, చూడు ఎలా పరుగెడుతున్నాడో అని చెప్పే మనిషి లోపించింది. ఆ మనిషి డాక్టరు కానక్కర్లేదు. ఇదే దారిలో నడిచొచ్చిన ఇంకొక తల్లి అయితే డాక్టరు మాట కంటే ఎక్కువ పనిచేస్తుంది.

మెదడుకు దెబ్బ తగిలి శరీరం బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఇంకా పెద్ద పరీక్ష. వెయ్యి మందిలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇది ఉంటుంది. కాన్పులో ఊపిరాడకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వారంలో వచ్చే కామెర్లు ముదిరి మెదడుకు ఎక్కడం, మెదడువాపు, ఇలా కారణాలు చాలా. కొందరిలో కారణమే తెలియదు. తల్లి చేసిన తప్పు మాత్రం ఏదీ ఉండదు. దీన్ని పూర్తిగా మాన్పే మందు లేదు. మందు ఉందని చెప్పి నూనెలు, ఇంజెక్షన్లు, తాయెత్తులు అమ్మేవాళ్ల దగ్గర పుస్తెలు తాకట్టు పెట్టిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. వీటి మీద పోసే డబ్బులో పదో వంతు వడ్రంగి చేతిలో పెడితే బిడ్డకు ఎంతో మేలు.

వడ్రంగి అన్న మాట ఊరికే అనలేదు. ఈ పిల్లలకు అవసరమైనవి మూడు నాలుగు వస్తువులు. గది మూలలా రెండు చెక్కల మధ్య నడుము నిలిపి కూర్చోబెట్టే కుర్చీ, ముందు పలక ఉండి నిలబెట్టే చట్రం, పట్టుకుని నడవడానికి రెండు వెదురు బొంగుల వరస. బిడ్డను పడుకోబెట్టి, తల వెనక్కి వాలి ఉండగా అన్నం పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. అదే కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి పెడితే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. రోజూ కొంతసేపు చట్రంలో నిలబెడితే తుంటి కీలు సరిగ్గా కుదురుకోవడానికి సాయపడుతుంది, బడిలో తోటిపిల్లల ఎత్తుకు కళ్లు అందుతాయి. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ 1987లో ప్రచురించిన పుస్తకం నిండా ఇలాంటి బొమ్మలే ఉంటాయి, ఊళ్లో దొరికే కర్రతో, తాడుతో, పాత టైరుతో చేసుకునేవి. వైకల్యం ఉన్న యువకులే అక్కడ కార్ఖానా పెట్టి ఊరి పిల్లలకు తయారుచేసి ఇచ్చారు. ఉయ్యూరులో మంచి వడ్రంగులు లేరా? ఫిజియోథెరపిస్టు కొలత ఇస్తే ఒక్కరోజులో చేసి పెట్టరా? బిడ్డ ఎదిగితే కాలు పెంచి మళ్లీ బిగించి ఇవ్వరా? కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్కో 1976 నుంచి కృత్రిమ అవయవాలూ ఉపకరణాలూ చేస్తోంది, శిబిరాల్లో ఉచితంగా ఇచ్చేవి చాలా వరకు అక్కడినుంచే వస్తాయి. వాటి విలువ తక్కువేం కాదు. అయితే పిల్లల కాళ్లు ఎదుగుతాయి. ఏడాది కిందటి కొలతతో వచ్చిన కాలిపర్ ఈ ఏడు పట్టదు. అది కాన్పూరు వెళ్లి రాదు కాబట్టి, దాన్ని సరిచేసే చేయి ఊళ్లోనే ఉండాలి.

పరికరాలతో పాటు థెరపీ కూడా కావాలి. అందుకు మండలంలో భవిత కేంద్రం ఒకటి ఉంటుంది. సమగ్ర శిక్ష కింద నడిచేది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సహిత విద్య టీచర్లు ఉంటారు, వారంలో నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు వస్తారు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు టీచరే వెళ్లి నేర్పాలి. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం కూడా ఉన్నాయి. మన ఊళ్లో ఇంత ఏర్పాటు ఉందని తెలియనివాళ్లు ఎంతమందో. తెలిసినా వెళ్లలేనివాళ్లు ఇంకెందరో.

ఎందుకు వెళ్లలేరో ఒక తల్లి వైపు నుంచి చూద్దాం. నాట్ల రోజులు, లేదా చెరుకు కొట్టే రోజులు అనుకోండి. పొద్దున ఏడింటికి ముఠా బయలుదేరుతుంది. థెరపీ పదకొండింటికి. ఆ రోజు వెళ్తే కూలి పోతుంది. వారానికి ఒక రోజంటే నెలకు నాలుగు కూళ్లు, పైగా మాటిమాటికీ మానే మనిషిని మేస్త్రీ ముఠాలోంచి తీసేస్తాడు. బిడ్డకు ఎనిమిదేళ్లు, బరువు పెరిగాడు, కాళ్లు కత్తెరలా బిగుసుకుని ఉంటాయి. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, అది నిజంగా పెద్ద ఊరట. కానీ కిక్కిరిసిన బస్సు మెట్లు ఆ బిడ్డను చంకనేసుకుని ఎక్కడం ఎలా? ఊరి నుంచి ఉయ్యూరు సెంటరుకు ఆటో, అక్కడినుంచి మళ్లీ ఇంకో ఆటో. కూలీ ఆటోచార్జీ కలిపితే, ఉచిత థెరపీకి ఆ తల్లి చెల్లించే ధర ఎంతో తేలుతుంది.

అందుకే సేవా సంస్థల పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే ఏడు రెండు శిబిరాలు పెట్టాలనుకుంటే ఒకటే పెట్టండి. రెండోదానికయ్యే షామియానా, భోజనాలు, ఫ్లెక్సీల ఖర్చుతో ఒక ఆటోను మాట్లాడండి. థెరపీ రోజున నాలుగు పల్లెలు తిరిగి ఆరుగురు పిల్లల్ని ఎక్కించుకుని భవిత కేంద్రానికి తెచ్చి, మళ్లీ దింపే ఆటో. ఏడాది పొడవునా. ఆ ఆటో మీద మీ సంస్థ పేరు పెద్దక్షరాలతో రాయించుకోండి, అందులో తప్పేమీ లేదు, ఏడాదంతా ఊరు చూస్తుంది. తల్లికి ఆ రోజు పోయే కూలిలో సగమైనా ఇవ్వగలిగితే ఇంకా మంచిది. సిద్ధార్థ కళాశాలలో ఎన్ఎస్ఎస్ విద్యార్థులు ఉన్నారు. ఇద్దరు విద్యార్థులకు ఒక బిడ్డ చొప్పున అప్పగించండి. థెరపిస్టు చూపించిన వ్యాయామాలు ఇంటికెళ్లి చేయిస్తారా, కథ చెబుతారా, ఆ సాయంత్రం గంటసేపు తల్లి నడుము వాల్చేలా చూస్తారా, అది వాళ్లిష్టం. ఎక్స్ జాబితా పుస్తకం కూడా వాళ్ల చేతికే ఇవ్వండి.

వినికిడి గురించి క్లుప్తంగా చెబుతాను. పుట్టుచెవుడును మొదటి నెలలో పరీక్షించి, మూడో నెలకు నిర్ధారించి, ఆరో నెలకల్లా యంత్రమో చికిత్సో మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. మాట నేర్చుకునే వయసు దాటితే మెదడు ఆ అవకాశాన్ని మళ్లీ అంత సులువుగా ఇవ్వదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో పుట్టుచెవుడు మరింత కనిపిస్తుంది. చెవి లోపల వినికిడి యంత్రం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ను 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చేర్చడంతో పేదింటి పిల్లలకూ అది అందింది. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి మాట నేర్పే శిక్షణ ఉండాలి. అది మానేసిన బిడ్డకు చెవిలో ఖరీదైన యంత్రం ఉంటుంది, నోట మాట ఉండదు. ఇక్కడా అదే కథ.

గుండె విషయంలో మన విజయవాడకు గొప్ప పేరుంది. వెయ్యి మందిలో ఎనిమిది, తొమ్మిది మంది పిల్లలు గుండెలో ఏదో ఒక లోపంతో పుడతారు. ఇంగ్లండ్ నుంచి హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ వైద్యులు స్వచ్ఛందంగా వచ్చి ఆంధ్రా హాస్పిటల్స్‌లో పసిపిల్లలకు ఆపరేషన్లు చేశారు. నటుడు మహేష్‌బాబు అక్కడే ఎంతోమంది పిల్లల గుండె ఆపరేషన్లకు సాయపడ్డారు. పాలు తాగుతుంటే చెమటలు పట్టడం, ఏడిస్తే నీలంగా మారడం, ఎంత పెట్టినా బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నిమ్ము చేయడం కనిపిస్తే వెంటనే చూపించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ వచ్చి, పుట్టిన దగ్గరనుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని పరీక్షిస్తాయి. వాళ్లు వచ్చే రోజు బిడ్డను బడి మాన్పించవద్దు.

బిడ్డ లోపానికి తల్లినే తప్పుపట్టే అలవాటు గురించి చెప్పడానికి ఉయ్యూరు మండలంలోని ముదునూరుకు ఒకసారి వెళ్లొద్దాం. 1940లో గోరా, సరస్వతీ గోరా దంపతులు నాస్తిక కేంద్రాన్ని స్థాపించింది ఆ పల్లెలోనే. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. వాళ్ల సిద్ధాంతంతో ఏకీభవించినా మానినా, ఒక విషయంలో మన తల్లులందరూ సరస్వతమ్మగారికి రుణపడి ఉన్నారని నేను నమ్ముతాను. కడుపుతో ఉన్న ఆడది గ్రహణంలో కదిలితే బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందని, కాలో చెయ్యో వంకర పోతుందని భయపెట్టే కాలంలో, తాను గర్భిణిగా ఉండి గ్రహణం వేళ బయట తిరిగారు ఆవిడ. ఆ భయం ఇప్పటికీ పోలేదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూడగానే గ్రహణంలో ఏం చేశావని అడిగే నోళ్లు ఇంకా ఉన్నాయి. మూడు నుంచి ఆరు నెలల వయసులో పెదవికి, ఏడాది, ఏడాదిన్నర లోపు అంగిలికి ఆపరేషన్ చేస్తే చక్కగా కుదురుతుంది. స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలు ఈ ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తున్నాయి. కానీ తప్పంతా తన మీద మోపుకుని కుమిలిపోయే తల్లి ఆ బిడ్డను దుప్పట్లో దాచి ఉంచితే, ఆపరేషన్ వయసు దాటిపోతుంది. ఏ శిబిరంలోనైనా మైకు ముందు చెప్పవలసిన మొదటి మాట ఇది: ఇందులో తల్లి తప్పు లేదు, పూర్వజన్మ పాపమూ లేదు. డాక్టరు చెబితే ఒకలా ఉంటుంది. ఊళ్లో అందరూ గౌరవించే పంతులుగారో, పాస్టరుగారో, మౌల్వీగారో అదే మాట చెబితే అత్తవారింట్లో ఆ తల్లి తల ఎత్తుకుని తిరుగుతుంది.

ఇలాంటి మాట చాలామందికి అందే చోటు మన దగ్గరే ఉంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశి నుంచి పదిహేను రోజులు ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరునాళ్లు జరుగుతాయి. ఎక్కడెక్కడి ఆడపడుచులూ ఆ రోజుల్లో ఉయ్యూరు చేరతారు. చంటిబిడ్డలు లేకుండా ఏ కుటుంబం వస్తుంది? గాజుల దుకాణాల వరసలో ఒక చిన్న పందిరి వేసి, అంగన్‌వాడీ బరువు తూకం, ఎదుగుదల చార్టు పెట్టి, భవిత టీచరు ఒకరు, ఇదివరకే ఈ దారిలో నడిచిన తల్లులు ఇద్దరు కూర్చుంటే చాలు. సిడిబండి ఉత్సవం జరిగే రోజున రద్దీ ఎక్కువ కాబట్టి ఆ ఒక్క రోజు వద్దు, మిగిలిన రోజుల్లో పెట్టండి. ఇంకొకటి. అమ్మవారి దర్శనానికి చక్రాల కుర్చీ వెళ్లేలా ర్యాంపు వేయించండి, వైకల్యం ఉన్న పిల్లలున్న కుటుంబాలకు రద్దీ లేని ఒక గంట కేటాయించండి. రంగులరాట్నం యజమానిని అడిగితే ఆ గంట ఆ పిల్లల కోసం మెల్లగా తిప్పడా? థెరపీ చాలా ముఖ్యం. తిరునాళ్లలో రాట్నం ఎక్కడం కూడా అంతే ముఖ్యం.

డిసెంబరు 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవానికి భవిత పిల్లలకు ఆటల పోటీలు పెట్టి బహుమతులు ఇస్తుంటారు. సంతోషం. ఆ పోటీల్లో పక్కబడి పిల్లల్ని కూడా కలిపి ఆడించండి. చూడలేని వాడి చేయి పట్టుకుని పరుగెత్తిన పదేళ్ల పిల్లవాడు ఇరవై ఏళ్లొచ్చాక ఆఫీసులో ర్యాంపు ఎందుకని అడగడు.

చివరగా కాగితాల సంగతి, ఎందుకంటే ఇక్కడ ఆగిపోయే కుటుంబాలు చాలా. వైకల్య ధ్రువీకరణకు ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటే పింఛను, ఇతర సదుపాయాలకు అర్హత వస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. ఆటిజం, కండరాల క్షీణత, తలసేమియా, సికిల్ సెల్ వంటివి అందులో చేరాయి. కాబట్టి పదేళ్ల కిందట మీకు వర్తించదని చెప్పి పంపిన వాళ్లు మళ్లీ అడగాలి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6000 రూపాయలైంది, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15000. ఆ డబ్బు బిడ్డ పేరున వస్తుంది. అందులో కొంతయినా ఆటోకు, బూట్లకు, గుడ్లకు, పాలకు పోవాలని ఇంటి పెద్దలను కోరుతున్నాను. సర్టిఫికెట్ కోసం సచివాలయంలోనో మీసేవలోనో ముందుగా స్లాట్ తీసుకోవాలి. బిడ్డ ఆధార్, పాత వైద్యం చీటీలు, స్కానింగ్ ఫిల్ములు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. చదువు రాని తల్లి వెంట ఊళ్లోంచి ఎవరైనా ఒకరు వెళ్లండి. ఆ కౌంటరు ముందు ఆమె పక్కన నిలబడి, డాక్టరు అడిగిన ప్రశ్న ఆమెకు అర్థమయ్యేలా చెప్పి, ఆమె చెప్పినదంతా ఫారంలో ఎక్కిందో లేదో చూసి రండి.